ఆడని ఫైనల్

వీరభద్రం ఇంటి గేటుకి ఎవరో ఎండు చేపల దండ కట్టి పోయారు.

ఏ ఊళ్ళోనైనా జట్టు ఓడిపోతే జనం రెండ్రోజులు తిట్టుకుంటారు, టీ కొట్టు దగ్గర నోరు నొప్పెట్టేదాకా వాగుతారు, ఊరుకుంటారు. కాకినాడ వాళ్ళకి అది చాలదు. ‘గోదావరి పులసలు’ అని పేరెట్టుకున్న హాకీ జట్టు లీగులో అట్టడుక్కి పోయాక, ఆ జట్టు జనరల్ మేనేజరు గుమ్మానికి నాలుగు ఎండు చేపలైనా కట్టకపోతే వాళ్ళకి అన్నం సహించదు. “పులసలేంటండీ, పరిగెలు!” అని పిల్లలు కూడా పాటకట్టి పాడుతున్నారు.

పొద్దున్నే అక్కని చూడ్డానికి వచ్చిన సువర్చల ఆ దండ తెంపి లోపలికి పట్టుకొచ్చింది. అక్క నాగవేణి ముక్కు మూసుకోలేదు సరికదా, వేలితో నొక్కి చూసింది.

“పారెయ్యకే. మెత్తళ్ళు బానే ఉన్నాయి, వంకాయలో వేస్తాను. ఉద్యోగం పోతే పోయింది, కూరైనా మిగిలింది.”

వరండాలో పేపరు చదువుతున్న వీరభద్రం పకపకా నవ్వాడు. నవ్వొచ్చింది ఆయనొక్కడికే. నాగవేణి కళ్ళు అప్పటికే తడిగా ఉన్నాయి.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, జనం కోపానికి కారణం లేకపోలేదు. జనరల్ మేనేజరంటే ఆట నేర్పేవాడు కాదు, అది కోచ్ పని. ఎవర్ని కొనాలి, ఎవర్ని ఉంచుకోవాలి, ఎవర్ని వదులుకోవాలి, ఇదీ ఈయన పని. అలాంటివాడు సీజను ముందు ఏం చేశాడయ్యా అంటే, పెనాల్టీ కార్నర్ వస్తే చాలు కళ్ళు మూసి తెరిచేలోగా బంతిని గోల్లోకి విసిరే జగ్తార్‌ని తీసుకెళ్ళి లక్నో జట్టు చేతిలో పెట్టాడు. బదులుగా మోకాళ్ళు అరిగిపోయిన గోల్‌కీపర్ని తెచ్చుకున్నాడు. ఎందుకని అడిగితే “జట్టు సమతూకం” అన్నాడు. ఆ మాటకి అర్థమేమిటో ఊళ్ళో ఎవరికీ అంతుపట్టలేదు, వీరభద్రానికి మాత్రం పట్టిందా అని కొందరి అనుమానం.

ఇప్పుడా పెద్దమనిషిని తూచాల్సిన పని సొంత మరదలి నెత్తిన పడింది.

సువర్చల తయారుచేసిన దాన్ని ఆమె ‘నీడపెట్టె’ అంటుంది, ఊరు ‘జాతకాల పెట్టె’ అంటుంది. పులసల ఆటగాళ్ళు జెర్సీ కింద బూడిద రంగు బనీను తొడుక్కుంటారు. దాని నేతలో సన్నటి తీగలుంటాయి. ఊపిరి, గుండె, కండరం, మెడ ఎటు తిరిగింది, మడమ ఎంత నొక్కింది, అన్నీ అందులోకి ఎక్కుతాయి. లీగులో మిగతా జట్లు కూడా ఆ బనీన్లే వాడతాయి. అలా ఏళ్ళ తరబడి పోగేసిన దాంతో ఒక్కొక్క ఆటగాడికీ ఒక్కొక్క నీడ తయారైంది. వాడు అలిసే చోట అది అలుస్తుంది, వాడు జంకే చోట అది జంకుతుంది. ఆ నీడల్ని తెర మీద మైదానంలోకి వదిలితే, జరిగిన ఆట మళ్ళీ ఆడతాయి. ఒక ఆటగాణ్ణి మార్చి వదిలితే, జరగని ఆట ఆడతాయి. మొదటిసారి జరిగిపోయిన మ్యాచుల్ని ఆడించి చూపించినప్పుడు, తను తప్పుగా పంపిన సబ్‌స్టిట్యూషను కూడా అచ్చం అలాగే కనబడేసరికి కోచ్ లెంపలు వేసుకున్నాడు.

ఆ కబురు పాకిన దగ్గర్నించీ సువర్చలకి మనశ్శాంతి లేదు. ఆటో అతను అడిగాడు, “మేడం, నేనా రోజు సామర్లకోట రైలెక్కి సూరత్ పోయుంటే ఎలా ఉండేవాణ్ణో చూసి పెడతారా?” లాబ్ ఊడ్చే పోలమ్మ అడిగింది, మొదటి మొగుణ్ణే ఉంచుకునుంటే ఏమయ్యేదని. బనీను తొడుక్కోని వాళ్ళ సంగతి పెట్టెకి తెలీదని ఎంత చెప్పినా వినరు. జరగనిదాని మీద మనిషికున్న ఆశ జరిగినదాని మీద ఉండదు కదా!

జట్టు యజమానురాలు సుభద్ర గారు మాత్రం తన గురించి అడగలేదు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులతో మొదలెట్టి, జపాను దాకా రొయ్యలు పంపే స్థితికి వచ్చిన మనిషి. సువర్చలని ఆఫీసుకి పిలిపించి, మజ్జిగ తాగించి, సూటిగా చెప్పింది.

“లక్నో వాడికి మన జగ్తార్‌ని ఇచ్చెయ్యకుండా ఉంటే మనం ఏ స్థానంలో ఉండేవాళ్ళమో ఆడించి చూపించమ్మా. మీ బావగారిని ఉంచాలో తీసెయ్యాలో నేను తేల్చుకుంటాను.”

“నేనాయన మరదల్నండి. వేరే ఎవరినైనా...”

“మరదలివనే నిన్నడిగాను. వేరేవాళ్ళు ఆయన తప్పు చేశాడంటే కక్షంటారు. నువ్వు తప్పు చేశాడంటే ఊరంతా నమ్ముతుంది.”

కక్కలేక మింగలేక సువర్చల తలూపి వచ్చేసింది.

నీడ మైదానంలో జగ్తార్‌ని మళ్ళీ పులసల జట్టులో పెట్టింది. సీజను మొత్తం ఆడించింది. కప్పు గెలిచారు. పొరపాటేమోనని మళ్ళీ ఆడించింది. మళ్ళీ గెలిచారు. ఎన్నిసార్లు ఆడించినా ఏ ఒకటి రెండుసార్లో తప్ప కప్పు కాకినాడదే. చివరివాడు మొదటివాడైపోవడానికి ఒక్క మనిషి సరిపోయాడు. అంటే బావగారు చేసింది చిన్నా చితకా తప్పు కాదు.

ఆమెకి నీరసం వచ్చింది. ఎంసెట్ రాయడానికి భయపడి ఏడుస్తుంటే స్కూటరెక్కించుకుని, దారంతా పిచ్చి జోకులేసి, పరీక్ష హాలు దాకా దిగబెట్టింది ఈ బావే. కానీ నీరసం కంటే వింత ఎక్కువైంది. ఇరవై ఏళ్ళు హాకీ ఆడినవాడు, ఆటగాడు నడిచొస్తుంటే నడక చూసి ఏ పొజిషనో చెప్పగలిగినవాడు, ఇంత తేలికైన లెక్క ఎలా తప్పాడు?

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగేసింది. “బావగారూ, జగ్తార్‌ని ఎందుకు వదిలేశారు?”

“వాడు ఉప్మా తినడమ్మా. ఉప్మా తినని వాణ్ణి గోదావరి జిల్లాలో ఎన్నాళ్ళని ఉంచుకుంటాం?”

“నిజం చెప్పండి.”

“జట్టు సమతూకం,” అన్నాడు, వంకాయ మెత్తళ్ళ కూర కలుపుకుంటూ. కళ్ళెత్తి చూడలేదు.

నాగవేణి గరిటె ఠపీమని పెట్టింది. “చూశావా? ఇంట్లోనూ ఇంతే. పెట్టె ఏం చెప్పిందే?” చెల్లెలి మొహం చూసే అర్థం చేసుకుంది. “నీ చేత్తో చేసిన పెట్టె కదా, ఒక్క అబద్ధం ఆడించలేవా?”

“ఆడించలేనక్కా.”

“అయితే మా ఆయన తలకొరివి నీ చేత్తోనే పెట్టు,” అనేసింది, అన్నాక నాలిక్కరుచుకుని ఏడ్చింది. వీరభద్రం లేచి ఎడం చేత్తో ఆమె వీపు రాస్తూ, “పిల్లని తిననీవే,” అన్నాడు.

సువర్చల లాబ్‌కి తిరిగొచ్చి, జరగని సీజన్ని వదిలేసి జరిగిన సీజన్ని ముందేసుకుంది. జగ్తార్ వెళ్ళాక లక్నోతో పులసలు రెండు మ్యాచులు ఆడారు. ఆ రెండింటిలోనూ లోవరాజు లేడు.

లోవరాజంటే తెలియనివాళ్ళు కాకినాడలో ఉండరు. పెనాల్టీ కార్నర్‌లో అవతలివాడు బంతి విసిరే క్షణానికి, గోల్ గీత దగ్గర్నించి వాడి మీదికే దూసుకెళ్ళేవాణ్ణి ఫస్ట్ రషర్ అంటారు. బంతిని కర్రతో ఆపాలి, కుదరకపోతే ఒంటితో ఆపాలి. మొహానికి మాస్కు, మోకాళ్ళకి గట్టి కవచాలు, మిగతాదంతా దేవుడి దయ. ఆ పనిలో లోవరాజుని మించినవాడు లీగులో లేడు. తుని కుర్రాడు, తలుపులమ్మ లోవ మొక్కుతో పుట్టినవాడు. వాడు పరిగెడుతుంటే స్టాండ్సులో జనం “అమ్మోరు పూనింది రా!” అని అరుస్తారు.

ఆ రెండు మ్యాచులకీ ‘పిక్క పట్టేసింది’ అని కూర్చోబెట్టారు. సువర్చల బనీను లెక్క తీసింది. పిక్కలు రెండూ నిక్షేపంలా ఉన్నాయి.

సాయంత్రం మైదానానికెళ్ళింది. టర్ఫ్ మీద నీళ్ళు జల్లుతున్నారు. లోవరాజు అంచున కూర్చుని బూటు లేసులు కట్టుకుంటున్నాడు, ఆమెని చూసి లేచి నిలబడ్డాడు.

“లక్నో మ్యాచులప్పుడు పిక్క పట్టేసిందట కదా, ఇప్పుడెలా ఉంది?”

“ఆయ్, తగ్గిపోయిందండి.”

“ఏ కాలు?”

లోవరాజు ఒక్క క్షణం తడబడి, “రెండూ అండి,” అన్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. అంత అమాయకంగా అబద్ధమాడేవాణ్ణి ఆమె ఎన్నడూ చూడలేదు. అప్పుడే కనబడింది, కుడి దవడ కింద మానిపోయిన గాయం మచ్చ.

“ఇదెప్పుడు తగిలింది?”

“పోయినేడాది ప్రాక్టీసులో అండి. జగ్తార్ భయ్యా కొట్టిందే. ఆయన తప్పు లేదండి, నేనే ఎదురెళ్ళాను కదా,” అని, ఇంకేం అడుగుతుందోనన్నట్టు మైదానంలోకి పరిగెత్తాడు.

ప్రాక్టీసు! సువర్చల అక్కడే నెత్తి కొట్టుకుంది. ప్రాక్టీసుల్లోనూ బనీన్లు తొడుక్కునేవారు. కానీ ప్రాక్టీసులో ఎవడు మనసుపెట్టి ఆడతాడని ఆ లెక్కంతా చెత్తకింద కట్టి పక్కన పడేసింది తనే. మ్యాచులో ప్రత్యర్థి పెనాల్టీ కార్నర్లు నాలుగో అయిదో ఉంటాయి. ప్రాక్టీసులో రోజూ పొద్దున్న లీగులోకెల్లా గట్టిగా విసిరేవాడు విసురుతూనే ఉంటే, దానికి ఎదురు పరిగెత్తేది ఎవరు? సొంత జట్టు ఫస్ట్ రషరే కదా.

ఆ చెత్తనంతా విప్పింది. మ్యాచుల్లో లోవరాజు గుండె పరుగెత్తేవాడి గుండెలాగే కొట్టుకుంది. ప్రాక్టీసులో, దెబ్బ తగిలిన రోజు దాకా అదే తీరు. ఆ రోజు తర్వాత మారింది. ఎదురుగా ఇంకెవడున్నా ఏమీ లేదు, జగ్తార్ ఉంటే మాత్రం మెడ వెనక్కి వాలేది. గడ్డం పైకి లేచేది. మనిషి కళ్ళు గట్టిగా మూసుకున్నప్పుడు మెడ అలాగే పోతుంది. గడ్డం లేస్తే మాస్కు లేస్తుంది, మాస్కు లేస్తే గొంతు బయటపడుతుంది.

ప్రాక్టీసులు కూడా కలిపి సీజన్ని ఆడించింది. ఒకసారి నవంబరులో, ఒకసారి జనవరిలో, ఏదో ఒక పొద్దున్న లోవరాజు నీడ పడిపోయేది. లేచేది కాదు. ఎన్నిసార్లు ఆడించినా ఏ ఒకటి రెండుసార్లో తప్ప అంతే. సువర్చల తెర ఆపేసి, కుర్చీలో ముడుచుకుని కూర్చుని ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే వీరభద్రాన్ని బీచి రోడ్డు మీద పట్టుకుంది. ఆయన రోజూ అక్కడ నడుస్తాడు. విషయం చెబితే నడక ఆపి సముద్రం వైపు తిరిగాడు.

“చూసేశావా?” అన్నాడు. “నాకు మెడ ఒక్కటే కనబడిందమ్మా. పెట్టె లేకపోయినా కనబడింది. ఫార్వర్డుగా గోల్స్ కొడదామని తుని నించి వచ్చినవాణ్ణి, నీకు కాళ్ళున్నాయిరా, ధైర్యం ఉందిరా అని బంతికి ఎదురు పరిగెత్తించింది నేను. వాడు భయపడుతున్నాడని నేనెలా చెప్పను?”

“అయితే అతన్ని ఆ పనిలోంచి తప్పిస్తే సరిపోయేది కదా!”

“ఎందుకు తప్పించావని అడగరూ? ఫస్ట్ రషర్ కళ్ళు మూసుకుంటాడని తెలిస్తే ఏ జట్టు తీసుకుంటుంది? ఇరవై నాలుగేళ్ళకే వాడి ఆట అయిపోతుంది. ఆ జగ్తార్ కనుమరుగైతే వాడికి భయమే లేదు, చూశావు కదా.” ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “సువర్చలా, నీ లెక్క నువ్వు చెప్పు. తప్పన్నావంటే నేను ఒప్పుకుంటాను. ఈ మాట మాత్రం బయటికి రానివ్వకు.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో సువర్చలకి ఆ పూట తెలిసొచ్చింది. చెబితే బావ బతుకుతాడు, కుర్రాడు పోతాడు. చెప్పకపోతే ఊరంతా బావని మూర్ఖుడని జీవితాంతం అంటుంది, అది కూడా తన పెట్టె సాక్ష్యంతో.

సుభద్ర గారి ఆఫీసులో ఆ రోజు ముగ్గురే. సువర్చల మ్యాచుల లెక్క చెప్పింది. జగ్తార్ ఉంటే కప్పు మనదే అంది. గొంతు నిలకడగానే ఉంది. వీరభద్రం తలొంచుకుని విన్నాడు.

సుభద్ర గారు “మ్యాచులొక్కటేనా ఆడించావు?” అంది. “చెరువులో పైన తేలే రొయ్యని చూసి పంట ఎంతో చెప్పేవాణ్ణి నేను గుమ్మమెక్కనివ్వనమ్మా. అడుగునేముందో చెప్పు.”

“ప్రాక్టీసులు కూడా కలిపి ఆడించానండి.”

“ఏమైంది?”

“ఒక ఆటగాడికి దెబ్బ తగులుతుంది. పెద్ద దెబ్బ. పేరు చెప్పను.”

“సువర్చలా!” అన్నాడు వీరభద్రం.

సుభద్ర గారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. “జగ్తార్ బంతికి రోజూ ఎదురెళ్ళేవాడు ఒక్కడే కదా. ఆ మాత్రం నాకు తెలీదనుకున్నారా?” అని, “వాణ్ణి తీసేసి జగ్తార్‌ని ఉంచుకునుంటే?” అని అడిగింది.

ఈ ప్రశ్న వస్తుందని సువర్చలకి తెలుసు. ఆడించి చూసింది కూడా. “కప్పు మనదేనండి. దెబ్బా తగలదు.”

సుభద్ర గారు వీరభద్రం వైపు తిరిగింది.

“మరి అప్పుడే నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే మీరేం చేసేవారండి?”

ఆవిడ మొహమాటపడే మనిషి కాదు. ఆలోచించే చెప్పింది. “కుర్రాణ్ణి పంపించేసి జగ్తార్‌ని ఉంచుకునేదాన్ని.”

“ఆయ్, అందుకే చెప్పలేదండి.”

సుభద్ర గారు లేచి కిటికీ దగ్గరికెళ్ళింది. ఇటు తిరిగాక మొహంలో కోపం లేదు, అలాగని కనికరమూ లేదు.

“మీరు నన్ను సరిగ్గానే అంచనా వేశారు వీరభద్రం గారూ. అది ఒప్పుకోవాలి. కానీ నా జట్టు, నా ఊరి కప్పు, నన్నడక్కుండా మీరొక్కరే తీసి ఇంకొకడి చేతిలో పెట్టారు. నాకు చెప్పకుండా నిర్ణయించే మేనేజరు నాకొద్దు. రేపట్నించి రావద్దు.” ఆగి, “కుర్రాడి మాట ఈ గది దాటదు. వాణ్ణి ఫార్వర్డుగా ఆడించమని కోచ్‌కి నేనే చెబుతాను. ఎందుకని అడిగితే, నా సరదా అంటాను. డబ్బున్నవాళ్ళ సరదాకి ఎవరూ కారణం అడగరు,” అంది.

వీరభద్రం రెండు చేతులూ జోడించాడు.

ఇద్దరూ కారులో వెనక్కి బయల్దేరారు. జగన్నాథపురం వంతెన దాటాక ఆయన హఠాత్తుగా, “నిజంగా గెలిచేవాళ్ళమా?” అన్నాడు.

“గెలిచేవాళ్ళం బావగారూ.”

“ఆ ఫైనలు ఒక్కసారి చూపిస్తావా?” అన్నాడు, తిరునాళ్ళకి తీసుకెళ్ళమని అడిగే పిల్లాడిలా.

ఏది చూపించాలో సువర్చలకి తోచలేదు. మ్యాచులొక్కటే ఉన్న సీజన్లో అందరూ మైదానంలో ఉంటారు, కప్పెత్తుకుని గెంతుతారు. అది చూపిస్తే సుఖంగా ఇంటికెళ్ళి అన్నం తింటాడు. “రెండున్నాయి. ఏది కావాలి?” అంది.

“నిజమైందే పెట్టు.”

పెట్టింది. లాబ్ కుర్చీలో ముందుకి వంగి కూర్చున్న మనిషి పది నిమిషాల్లో లోకం మర్చిపోయాడు. “కుడివైపు ఇవ్వరా! అదీ! ఒరేయ్, లోపలికి తొయ్యి!” అని కేకలు. పోలమ్మ చీపురుతో సహా వచ్చి గుమ్మంలో నిలబడింది. ఒకటీ ఒకటీ సమానం. చివరి నిమిషంలో పెనాల్టీ కార్నర్. జగ్తార్ నీడ వంగింది, బంతిని కర్రకి అంటుకున్నట్టు లాగింది, అది గోల్ పై మూలలో వలకి తగిలింది.

“గోల్!” అంటూ వీరభద్రం కుర్చీ తన్నేసి లేచాడు. పోలమ్మనీ మరదలినీ రెండు చేతులా పట్టుకుని ఊపేశాడు. “గెలిచాం! చూశావా, గెలిచాం!” కళ్ళమ్మట నీళ్ళు బొటబొటా కారుతున్నాయి. తెరమీద నీడలు ఒకదానిమీద ఒకటి పడి కుప్పగా దొర్లుతున్నాయి. ఆయన తెర దగ్గరికెళ్ళి ఒక్కొక్కరినీ వేలితో చూపిస్తూ పేర్లు చెప్పుకుంటూ పోయాడు. చెప్పీ చెప్పీ ఆగిపోయాడు.

“లోవరాజేడీ?”

“ఈ సీజన్లో జనవరిలోనే తగిలింది బావగారూ.”

“బతికే ఉన్నాడా?”

“పెట్టె అంతదాకా చెప్పదు. మైదానంలో లేడని మాత్రం చెబుతుంది.”

తెరమీద కప్పు వచ్చింది. నీడలు దాన్ని నెత్తిమీద పెట్టుకుని కాకినాడ జనం వైపు పరిగెడుతున్నాయి.

“ఆపెయ్యమ్మా,” అన్నాడు వీరభద్రం.

ఆపేసింది. ఆయన పడిపోయిన కుర్చీని లేపి సరిగ్గా పెట్టాడు. జేబులోంచి ఫోను తీసి, కళ్ళు తుడుచుకుని, నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల మోగుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

“సార్?” అంది అవతలి గొంతు.

“ఏరా లోవా,” అన్నాడు. “అన్నం తిన్నావా?”